మూలాపేట తిన్నె మీద రాసిన అర్జీలు

మా వీధిలో ఎవరికి ఏం కావాలో, ఎవరు దేనికి అవస్థ పడుతున్నారో నాకు హైస్కూలు రోజుల్లోనే తెలిసిందంటే దానికి కారణం నా చేతిరాత. గుండ్రంగా, వరస తప్పకుండా రాసేదాన్ని. అందుకని నెల్లూరు మూలాపేటలో మా చిన్నాయన అర్జీలన్నీ నాతోనే రాయించేవాడు. 1980ల చివరి మాట ఇది. ఊరు అందరికీ అనువుగా ఎట్లా ఉండాలి, ముసలివాళ్లకు, పిల్లలకు, నడవలేనివాళ్లకు, తోపుడుబండి వాళ్లకు ఏం చెయ్యాలి అని ఇప్పుడు ఎక్కడ చర్చ జరిగినా నాకు మా తిన్నె, నీలం కార్బన్ పేపరు, చిన్నాయన గొంతు గుర్తుకొస్తాయి. ఆ చర్చల్లో వినే మాటలు చాలావరకు మా వీధి వాళ్లు అప్పట్లోనే చెప్పారు. చెప్పినవాళ్లలో సగం మందికి సంతకం రాదు.

చిన్నాయనకు పసితనంలో పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడిపోయాయి. బయటికి పోవాలంటే చేత్తో తిప్పే మూడు చక్రాల బండి. ఇంట్లో అయితే చేతుల మీద జరుగుతూ వచ్చి, పొద్దున్నే తిన్నె ఎక్కి కూర్చునేవాడు. రేడియోలు, టేప్‌రికార్డర్లు రిపేరు చెయ్యడం ఆయన పని. ఎర్ర గచ్చు తిన్నె మీద ఒక చెక్కపెట్టె, అందులో స్క్రూడ్రైవర్లు, రంగురంగుల వైర్లు, ఎప్పుడూ టంకం వాసన. రేడియో బాగుచేశాక కాసేపు అక్కడే మోగించి చూసేవాడు. పాట వినడానికి ఆగినవాళ్లు కూర్చునేవాళ్లు. కూర్చున్నవాళ్లు కష్టం చెప్పుకునేవాళ్లు. విని ఊరుకునే మనిషి కాదాయన. "ఉత్తగా చెప్పుకుంటే ఏమొస్తాదబ్బా, రాసిద్దాం" అని, "పాపా, పేపరు తేమ్మా, బిన్నా" అని లోపలికి కేకేసేవాడు.

ఆ రోజుల్లో అర్జీ అంటే "మహారాజశ్రీ" అని మొదలుపెట్టి సగం పేజీ దండాలే రాయించేవాళ్లు పెద్దవాళ్లు. చిన్నాయనకు అది గిట్టేది కాదు. "అయ్యా" అని ఒక్క మాట, ఆ తర్వాత నేరుగా విషయం. ఎవరికి ఇబ్బంది, ఏ చోట, ఏం చేస్తే పోతుంది. ఈ మూడూ ఉండాల్సిందే. "రోడ్డు బాగు చెయ్యండి అని రాస్తే ఆ కాయితం బీరువాలోకి పోతాది మే. ఏ చోట, ఎన్ని అడుగులు, ఎంత ఎత్తు, అది రాయి" అనేవాడు. వీధి చివర టైలరు దగ్గర పాత టేపు ఒకటి అడిగి తీసుకుని నా పుస్తకాల సంచిలో వేశాడు. స్కూలు నుంచి వస్తూ ఆయన చెప్పినవన్నీ కొలుచుకుని రావడం నా పని. మెట్టు ఎత్తు, కాలవ వెడల్పు, కొళాయి నేల నుంచి ఎంత పైన ఉంది, లైటు స్తంభానికి స్తంభానికి మధ్య ఎన్ని అడుగులు. నాకు లెక్కలంటే ఇష్టం కలిగింది కూడా అక్కడే.

మొదటి అర్జీ ఇడ్లీలమ్మే అవ్వది. వేపచెట్టు కింద పొయ్యి పెట్టుకుని, పొద్దున ఎండెక్కే లోపల పని ముగించుకుని పోయే మనిషి. ఆశీలు, అంటే వీధిలో అమ్ముకునేందుకు ఇచ్చే రుసుము, రోజూ కట్టేది. అయినా వారానికొకసారి ఎవరో ఒకరు వచ్చి లేపేవాళ్లు. ఆమె కోరిక వింటే ఇప్పటికీ నాకు గౌరవం కలుగుతుంది. కొట్టు కావాలనలేదు, రేకుల షెడ్డు కావాలనలేదు. "సున్నంతో ఒక గీత గియ్యమను నాయనా. ఆ గీత దాటి నేను రాను. గీత లోపలుంటే నన్ను లేపొద్దు" అంది. చిన్నాయన అదే మాట అట్నే రాయించాడు. గీత ఎంత పొడవుండాలని నేను అడిగితే అవ్వ పొయ్యి, గిన్నె, తను, ఎదురుగా ఇద్దరు నిలబడి తినే చోటు, అన్నీ చేత్తో చూపించింది. కొలిస్తే ఏడడుగులు వచ్చింది.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. అమ్ముకునే చోట్లు గుర్తించాలి, అమ్మేవాళ్లకు ధ్రువపత్రం ఇవ్వాలి, గుర్తింపు సర్వే ముగిసేదాకా ఎవరినీ లేపెయ్యకూడదు అని రాసుంది అందులో. చోట్లు తేల్చే కమిటీలో కనీసం నూటికి 40 మంది అమ్ముకునేవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. అది చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఏడడుగుల సున్నపు గీత. చట్టం కంటే పాతికేళ్ల ముందు అడిగింది ఆ అవ్వ. ఇప్పుడు ట్రంకు రోడ్డు పక్కన, చిన్నబజారులో, గాంధీబొమ్మ దగ్గర బుట్ట దించుకుని కూర్చున్న వాళ్లను చూసినప్పుడల్లా, వీళ్లను అడ్డం అనేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. రెండు గంటలు నీడ, గుక్కెడు మంచినీళ్లు, పోవడానికి ఒక మరుగు, లేపకుండా ఒక గీత. ఇంతకంటే వాళ్లు ఏనాడూ ఎక్కువ అడగలేదు.

చిన్నాయన సొంత అర్జీ చాలా కాలానికి గానీ రాయించలేదు. మా వీధిలో కాలవల మీద కడపరాళ్లు పరిచి ఉండేవి. రాయికీ రాయికీ మధ్య సందులో ఆయన బండి ముందు చక్రం ఇరుక్కునేది. అది ఒక బాధ. ఇంకోటి, ఆయన పనుండి పోవాల్సిన ప్రతి ఆఫీసుకూ మెట్లు. మెట్ల కింద బండి ఆపి, లోపలికి పోయే వాళ్లను బతిమాలి కాయితం పంపించేవాడు. ఎత్తుకుని తీసుకుపోతామని వచ్చేవాళ్లు. మంచి మనసుతోనే వచ్చేవాళ్లు. ఆయనకు మాత్రం అది ఇష్టం ఉండేది కాదు. "నలబై ఏళ్లోణ్ణి, పిలకాయని మోసినట్టు మోస్తే నాకెట్టుంటాది?" అన్నాడొకసారి మా జేజితో, అంటే నాయనమ్మతో. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వడ్రంగి దగ్గర పొడవాటి పలకలు తెప్పించాడు. మా ఇంటి మెట్టు ఎత్తు తొమ్మిది అంగుళాలు. పలక ఒక కొన మెట్టు మీద పెట్టి, రెండో కొన నేల మీద ఆనించి, బండి ఎక్కించడానికి చూశాడు. మొదటి పలక పొట్టిది, నిటారుగా నిలబడింది, బండి ముందుకు పోలేదు. మేం పిల్లలం వెనక నుంచి తొయ్యబోతే అరిచాడు. "ఎవురూ ముట్టుకోబాకండి. నేనొక్కణ్ణే ఎక్కాల. అప్పుడే అది కొలత." పలకకు పలక కలిపి, కింద ఇటుకలు పెట్టి, పొడవు పెంచుకుంటూ పోయాడు. చేతులు బొబ్బలెక్కాయి. చొక్కా తడిసి ముద్దయింది. చివరికి ఒక్కడే, నిదానంగా, ఆగకుండా పైకి వచ్చేశాడు. నన్ను కొలవమన్నాడు. తొమ్మిదడుగులు.

అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. ఇప్పుడు ర్యాంపు కట్టే ఇంజనీర్లు పాటించాల్సిన లెక్క కూడా అదే, ఒకటికి పన్నెండు. పుస్తకం చూడకుండా, ఒళ్లు వంచి కనుక్కున్నాడాయన. అర్జీలో అది రాయించి, కింద పలక బొమ్మ కూడా వేయించాడు. నా డ్రాయింగు అంత బాగా రాకపోయినా కొలతలు మాత్రం సరిగ్గా వేశాను. అర్జీ అందుకున్న ఆఫీసు వాళ్లు రెండేళ్లకు ఒక సిమెంటు వాలు కట్టించారు. కట్టించారు గానీ నిటారుగా, మూడడుగుల్లో ముగించారు. పైకి ఎక్కేది కాదు. కిందికి దిగితే బోర్లా పడటమే. అట్లాంటివి ఇప్పటికీ ఎన్నో ఆఫీసుల ముందు కనిపిస్తాయి. ర్యాంపు ఉందని లెక్కలో రాసుకోవడానికి పనికొచ్చేవి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, నియమాలు చేసిన ఐదేళ్లలోపు జనం వాడే కట్టడాలన్నీ అందరికీ అందేట్టు మార్చాలని చెప్పింది. చిన్నాయన 2009లోనే పోయాడు. చూసి ఉంటే మొదట టేపు తీసేవాడు.

వాలు కట్టమని ఆయన అడిగింది తన బండికే అయినా, దాని మీద ఎవరెవరు ఎక్కేవాళ్లో నేను కళ్లారా చూశాను. మా ఇంటి ముందు ఆ పలకల చోట తర్వాత గచ్చు వేయించాం. గ్యాసు సిలిండరు దొర్లించే అబ్బాయి అటే వచ్చేవాడు. పాలక్యాన్ల సైకిలు అటే. నడుం వంగిన మా జేజి మెట్టు మానేసి అటే. పక్కింటి కోడలు చంకలో బిడ్డతో అటే.

జేజి సంగతి వచ్చింది కాబట్టి ఇంకో విషయం చెప్పాలి. మాది మూలాపేట. వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేసింది ఇక్కడే. గుడి తలుపులు తెరిపించారు. ఎర్రటి ఎండలో చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, అంటరానితనం మానండని రాసిన అట్టలు కట్టుకుని ఆయన వీధుల్లో తిరగడం మా జేజి చూసింది. ఆ కథ చెప్తూ కళ్లనీళ్లు పెట్టుకునేది. అంత భక్తిగా చెప్పే జేజి, మా వీధులు ఊడ్చే ఆమె మధ్యాహ్నం దాహానికి వస్తే మాత్రం గ్లాసు ఇచ్చేది కాదు. ఆమె తిన్నె కింద నిలబడి దోసిలి పట్టేది. జేజి పైనుంచి నీళ్లు పోసేది.

ఒక రోజు చిన్నాయన తను తాగే గ్లాసు ముంచి, చెయ్యి చాపి ఆమెకు ఇచ్చాడు. ఆమె తీసుకోవడానికి జంకింది. "తీసుకో అక్కా, చెయ్యి నొప్పి పుడతా ఉంది" అన్నాడు. తీసుకుని తాగింది. జేజి లోపలికి పోయింది, ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. గ్లాసు మాత్రం తీసెయ్యలేదు. తర్వాత్తర్వాత ఆమె తిన్నె చివర కూర్చోవడం మొదలైంది. కూర్చున్నాక గానీ తన కష్టం చెప్పలేదు. నాలుగు గంటలకు లేచి వచ్చి పదకొండు దాకా ఊడుస్తారు కదా, ఆ ఏడు గంటలూ ఆడవాళ్లు పోవడానికి ఒక చోటు లేదు. చీర మార్చుకోవడానికి మరుగు లేదు. "ఊరంతా శుభ్రం చేసేదానికి మేం యాడికి పోవాల పాపా?" అని నన్నే అడిగింది. ఆ వాక్యం తీసేసి మర్యాదగా రాయబోతే చిన్నాయన ఒప్పుకోలేదు. అట్నే రాయమన్నాడు.

ఆ అర్జీకి జవాబు రాలేదు. ఇప్పటికీ పొద్దున్నే రోడ్డు మీద ఆకుపచ్చ కోటు వేసుకుని ఊడ్చే వాళ్లను పలకరించి అడగండి, మొదట ఇదే చెప్తారు. ప్రతి నాలుగైదు వీధులకు ఒక చిన్న గది, తాళం వాళ్ల చేతిలో ఉండేది, నీళ్లు, కొక్కేలు, కూర్చునే బల్ల. పెద్ద ఖర్చు కాదు. ఊరిని నిలబెట్టేవాళ్లకు నిలబడే చోటు లేకపోతే మనం ఎన్ని పార్కులు కట్టుకుంటే మాత్రం ఏం?

ఆడవాళ్ల అర్జీలు మొదట్లో మగవాళ్లే వచ్చి చెప్పేవాళ్లు, వేలిముద్రలు మాత్రం ఆడవాళ్లవి. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చాక అది మారింది. సాయంత్రం లాంతరు చుట్టూ కూర్చుని పలకలు దిద్దిన పిన్నమ్మలు, అత్తలు తిన్నె దగ్గరికి వాళ్లే వచ్చారు. నా చేతిలో పెన్ను తీసుకుని, నాలుక కొరుక్కుంటూ ఒక్కో అక్షరం పెట్టి సంతకం చేసి, ఆ కాయితాన్ని కాసేపు అట్నే చూస్తూ ఉండేవాళ్లు. చదువు నేర్పే వాచకాల్లో సారా మీద కూడా పాఠం ఉండేది. 1992లో దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన సంగతి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది.

మా వీధి ఆడవాళ్లు అడిగింది ఏమిటంటే, కొళాయి దగ్గరి సారా కొట్టు తీసెయ్యమని, కొళాయికి పోయే దారిలో లైటు పెట్టమని. నీళ్లు తెల్లవారుజామున వచ్చేవి. బిందెలతో బయల్దేరేది ఆడవాళ్లు, ఆడపిల్లలు. స్తంభాల మధ్య నేను కొలిచి వచ్చాక, ఏ స్తంభానికి బల్బు లేదో కాదు, ఏ మూల చీకటో చెప్పమన్నాడు చిన్నాయన. పిన్నమ్మ ఒకామె నన్ను వెంటబెట్టుకుని చీకట్లో నడిపించి చూపించింది. "ఇక్కడ నేను నడక పెంచతాను. ఇక్కడ చెయ్యి పట్టుకుంటాను నా కూతుర్ది. ఇక్కడ వెనక్కి చూస్తాను" అంది. మూడు చోట్లూ గుర్తుపెట్టుకుని రాశాను. లైటు ఎక్కడ వెయ్యాలో తేల్చడానికి ఇంతకంటే మంచి పద్ధతి నేను ఈ రోజు దాకా వినలేదు. ఆ మూడింటిలో రెండు చోట్ల బల్బులు వచ్చాయి. కొట్టు నిషేధంతోనే పోయింది.

అగరొత్తులు అమ్మే అన్న ఒకాయన ఉండేవాడు, చూపు లేదు. కర్ర తాటించుకుంటూ గోడ వెంబడే నడిచేవాడు. వాసనలతో దారి పట్టేవాడు, మిరపకాయల కొట్టు వస్తే మలుపు, మందుల షాపు వస్తే బస్సు ఆగే చోటు. ఆయనకు గోడే దారి. ఆ గోడకు సైకిళ్లు ఆనించి పోయేవాళ్లు. సైకిలు తగిలి పడితే దాని మీద ఆయన పడేవాడు. గోడ పక్కన మూడడుగులు వదిలెయ్యమని అర్జీ. ఇప్పుడు సైకిళ్లు పోయి బైకులు, కార్లు వచ్చాయి. చూపులేనివాళ్ల కోసం కొన్నిచోట్ల పసుపుపచ్చ గరుకు పలకలు పరుస్తున్నారు, సంతోషమే. ఆ పలకల మీద బండ్లు పెట్టకుండా చూసేది ఎవరన్నది తేలాలి. పలక వేసేముందు ఒకసారి ఆ దారిన కర్రతో నడిచే మనిషిని పిలిచి నడిపిస్తే చాలా తప్పులు తప్పుతాయి.

రొట్టెల పండగ గురించి రాయకుండా నెల్లూరు గురించి రాయలేను. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె. తురకలా హిందువులా అని అడిగే వాళ్లుండరు. 2015లో దాన్ని రాష్ట్ర పండగగా ప్రకటించారు. చిన్నాయనను తీసుకుని మేమందరం పోయేవాళ్లం. ఆయన కాళ్లు చూసి ఎవరెవరో వచ్చి ఆరోగ్య రొట్టె చేతిలో పెట్టేవాళ్లు. ఆయన నవ్వి, దండం పెట్టి, "నా ఆరోగ్యం బాగానే ఉండాది తల్లీ. సొంతింటి రొట్టె ఉంటే ఇయ్యి" అనేవాడు. నాకోసం చదువు రొట్టె అడిగి తీసుకునేవాడు. అది నేను తిన్నాను, చదువుకున్నాను కూడా.

ఆ పండగ రోజుల్లో మన ఊరు ఏం చెయ్యగలదో చూడండి. లక్షల మంది వస్తారు. ఘాట్లకు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు, ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గదులు, వరసగా మరుగుదొడ్లు, అడుగడుక్కీ మంచినీళ్లు, వైద్య శిబిరాలు, తప్పిపోయిన పిల్లల కోసం మైకులు, రాత్రంతా లైట్లు, చెత్త ఎప్పటికప్పుడు ఎత్తడం. ఊరివాళ్లు అన్నం వండి పెడతారు. పరాయి ఊరి ముసలమ్మ రాత్రిపూట చెరువుగట్టు మీద దుప్పటి పరుచుకుని భయం లేకుండా పడుకుంటుంది. చేతగాదు, డబ్బుల్లేవు అనే మాట ఆ రోజుల్లో వినపడదు. మొహర్రం దాటినాక కూడా అదే ఊరు, అదే సిబ్బంది. నేను అడిగేదల్లా ఆ ఏర్పాట్లలో సగం పెద్దబజారుకు, ఆత్మకూరు బస్టాండుకు, పొగతోటకు ఏడాది పొడుగునా ఇవ్వమని.

రైలుకట్ట మన ఊరిని రెండుగా చీల్చింది. విజయమహల్ గేటు పడితే స్కూలు పిల్లలు, కూరగాయల బండ్లు, ఆస్పత్రికి పోయే రిక్షాలు అన్నీ ఒక్కచోట నిలబడేవి. గేటు బాధ తప్పించడానికి అండర్ బ్రిడ్జిలు వచ్చాయి. నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ దగ్గర, రామలింగాపురం దగ్గర, ఆత్మకూరు బస్టాండు దగ్గర అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలబడతాయి. కారు ఉన్నవాళ్లు చుట్టూ తిరిగి పోతారు. నడిచేవాళ్లకు, సైకిలు వాళ్లకు, ట్యూషను నుంచి వచ్చే పిల్లలకు చుట్టు దారి కిలోమీటర్లు. అండర్ బ్రిడ్జి గోడ పక్కన రోడ్డు కంటే నాలుగడుగులు ఎత్తుగా, కమ్మీ పెట్టి, మనుషులు నడవడానికి ఒక గట్టు ఉండాలని చిన్నాయన అంటూ ఉండేవాడు. గోడ మీద అడుగుల గుర్తులు పెద్ద అంకెల్లో రాయాలని, నీళ్లు ఏ అంకె దాకా వస్తే దిగకూడదో ఎర్ర గీత గియ్యాలని కూడా. రంగు డబ్బా ఖర్చు అది. ఎంత మందికి టెన్షన్ తప్పుతుంది.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు ఏటిగట్టున ఉన్న భగత్‌సింగ్ కాలనీ లాంటి చోట్లు మునిగాయి. మేం కొంతమంది అన్నం పొట్లాలు తీసుకుని శిబిరానికి పోయాం. అక్కడ ఒక తల్లి చెప్పిన మాట నేను రాసుకున్నాను. "నీళ్లొస్తన్నాయని మైకులో చెప్పినారమ్మా. మంచంలో ఉన్న మా అత్తను ఎవురు మోయాలో మాత్రం ఎవురూ చెప్పలా." ఆమే మందు కూడా చెప్పింది. వీధికొక పట్టీ ఉండాలి. మంచాన పడ్డవాళ్లు, నెలలు నిండినవాళ్లు, చెవుడున్నవాళ్లు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో అందులో రాయాలి. వాళ్లను ఎత్తుకొచ్చేది ఏ ఇద్దరో ముందే పేర్లు రాసుకోవాలి. ఆ పట్టీ వార్డు సచివాలయంలో ఒకటి, మసీదులో ఒకటి, గుడిలో ఒకటి, చర్చిలో ఒకటి పెట్టాలి. వానాకాలం ముందు ఒకసారి సరిచూసుకోవాలి. ఇంత స్పష్టంగా చెప్పింది ఆమె, ఒంటి మీద తడి బట్టలతో.

నెల్లూరు 2004లో కార్పొరేషన్ అయింది. 2011 లెక్కల్లోనే జనం ఐదు లక్షలు. మేడలు పెరిగాయి, ఆస్పత్రులు పెరిగాయి. పెన్న మీద కొత్త బ్యారేజీ 2022లో మొదలైంది. మా తిన్నె లేదు. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టినప్పుడు ముందు గోడ వీధి అంచు దాకా వచ్చింది. వీధిలో ఒక్క తిన్నె కూడా మిగల్లేదు. పార్కింగుకు ఎంత చోటు వదలాలో రూలు ఉంది గానీ, దారిన పోయేవాడు కూర్చోవడానికి రెండడుగుల తిన్నె వదలాలని ఎక్కడా లేదు. కొత్తగా ఇల్లు కట్టుకునే వాళ్లను నేను బతిమాలి చెప్తుంటాను, గోడ బయట ఒక తిన్నె కట్టండని. మా బంధువుల్లో ఇద్దరు కట్టారు. ఒకదాని మీద కొరియరు అబ్బాయిలు మధ్యాహ్నం క్యారేజీ తింటారు. ఇంకోదాని మీద సాయంత్రం పూట మనవళ్లను ఆడించుకునే తాతలు.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక, పల్లెల నుంచి ఒంటరిగా వచ్చే అవ్వలు నాకు ఎక్కువగా కనిపిస్తున్నారు. ఇదివరకు కొడుకు తీరిక చూసుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు పొదలకూరు నుంచి, రాపూరు నుంచి మందుల చీటీ కొంగున కట్టుకుని వాళ్లే వస్తున్నారు. బస్సు మెట్టు ఎక్కడానికి చేతులు, మోకాళ్లు రెండూ వాడుతున్నారు. దిగి పొగతోటకు వస్తారు. పొగతోట నిండా ఆస్పత్రులు, ల్యాబులు, మందుల షాపులు. రిపోర్టు రెండు గంటల తర్వాత అంటారు. ఆ రెండు గంటలు వాళ్లు ఎక్కడ ఉండాలి? షాపు మెట్ల మీద కూర్చుంటే లేవమంటారు. బైకుల మధ్య నిలబడతారు. మంచినీళ్లు తాగితే మళ్లీ మరుగుదొడ్డి వెతుక్కోవాలని దాహం ఆపుకుంటారు. ఎండాకాలం నెల్లూరులో దాహం ఆపుకోవడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అందుకని మా అపార్ట్‌మెంటులో ఆడవాళ్లం కొందరం కలిసి పొగతోట మీద ఒక అర్జీ తయారు చేశాం. నా చేతిరాత ఇప్పుడు అంత కుదురుగా లేదు, మా కోడలు ఫోనులో టైపు చేసింది. పద్ధతి మాత్రం చిన్నాయనదే. ఎవరికి ఇబ్బంది, ఏ చోట, ఏం చేస్తే పోతుంది. వీధి రెండు పక్కలా నడిచి, నీడ పడే చోట్లు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూసి గుర్తు పెట్టాం. ఆస్పత్రుల వాళ్లతో, షాపుల వాళ్లతో మాట్లాడితే కొందరు తమ గోడ పక్కన చోటిస్తామన్నారు. ఆడవాళ్ల మరుగుదొడ్డికి మూడు స్థలాలు, మంచినీళ్లకు రెండు, కూర్చోవడానికి ఎనిమిది బెంచీలు రాశాం. బెంచీ ఎత్తు పద్దెనిమిది అంగుళాలు, వెనక ఆనుకోవడానికి పలక, రెండు పక్కలా చెయ్యి ఊని లేవడానికి పిడి. మోకాళ్ల ఆపరేషన్ అయిన మా పక్కింటి పెద్దమ్మ ఇంట్లో ఉన్న కుర్చీలన్నిటి మీదా కూర్చుని, లేచి చూసి చెప్పిన కొలత అది.